ఆపిల్ చెట్ల బెరడు పుండ్లు: ఒక్క లక్షణం వెనుక ఎన్ని శిలీంధ్రాలు?

ఒకే తోటలోని ఆపిల్ చెట్ల కొమ్మలపైనా కాండంపైనా ఉన్న క్యాంకర్ పుండ్ల నుంచి ముక్కలు తీసి ప్రయోగశాలలో పెంచితే నాలుగైదు రకాల శిలీంధ్రాలు వేరుపడ్డాయని మీరు రాశారు. వాటిలో అసలు కారకం ఏదో, ఒకే తెగులుకు ఇంత వైవిధ్యం ఎందుకుందో, ఆ పేర్లు తెలుసుకున్నందువల్ల తోట యాజమాన్యంలో ఏమైనా మారుతుందో చెప్పమని అడిగారు. మూడో ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను: చాలా మారుతుంది. శిలీంధ్రం ఏదో తెలిస్తే అది ఏ ఋతువులో, ఏ గాయం గుండా చెట్టులోకి వస్తుందో తెలుస్తుంది. మనం కాపాడవలసినది ఆ ఋతువులో ఆ గాయాన్నే.

పుండు ఎలా ఏర్పడుతుందన్నది మొదట చూద్దాం. శిలీంధ్రం బెరడులోకి చేరి పోషక కణజాలాన్ని, దాని కింద ఉండి కొత్త కణాలను పుట్టించే కాంబియం పొరను చంపుతుంది. చెట్టు ఆ మచ్చ అంచుల నుంచి కొత్త కణజాలాన్ని, అంటే కాలస్‌ను, పెంచి గాయాన్ని మూసివేయడానికి ప్రయత్నిస్తుంది. చెట్టు నిద్రావస్థలో ఉన్న నెలల్లో శిలీంధ్రం కొంత ముందుకు వెళ్లి, చెట్టు పెరిగే నెలల్లో కాలస్ కొంత అడ్డుకుంటూ ఉంటే, ఏటా ఒక గట్టు చొప్పున వలయాలు వలయాలుగా పుండు తయారవుతుంది. శిలీంధ్రం వేగం కాలస్ వేగాన్ని మించిపోతే వలయాలేవీ కనిపించవు; బెరడు పొడవునా కుంగి, నల్లబడి, కొన్ని నెలల్లోనే కొమ్మను చుట్టేస్తుంది, పైభాగం ఎండిపోతుంది. కాబట్టి పుండు రూపమే కారకం గురించి మొదటి ఆధారాన్ని ఇస్తుంది, అయితే అది ఆధారం మాత్రమే, నిర్ధారణ కాదు.

ఈ పని చేయగల శిలీంధ్రాలు ఒకదానికొకటి దగ్గరి బంధువులు కావు. నియోనెక్ట్రియా హైపోక్రియేలిస్ అనే క్రమానికి, అంటే కొన్ని కుటుంబాలు కలిసిన పెద్ద గుంపుకు, చెందుతుంది. సైటోస్పోరా, డయాపోర్తే ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) డయాపోర్థేలిస్‌లోనూ, బోట్రియోస్ఫేరియా, డిప్లోడియా బోట్రియోస్ఫేరియేలిస్‌లోనూ, నియోఫాబ్రేయా హీలోషియేలిస్‌లోనూ, యూటైపా, బిస్కోగ్నియాక్సియా జైలేరియేలిస్‌లోనూ ఉన్నాయి. వెండి ఆకు తెగులును కలిగించే కాండ్రోస్టీరియమ్ పర్పురియమ్ అయితే వీటన్నిటికీ దూరంగా, పుట్టగొడుగులు ఉండే బసిడియోమైకోటా విభాగంలో ఉంటుంది. బెరడులోని మృదుకణజాలాన్ని కరిగించి తినగలిగే శక్తి వేర్వేరు వంశాల్లో విడివిడిగా వృద్ధి చెందింది. అందువల్లనే మీ పళ్లేలలో ఇన్ని రకాలు కనిపించాయి, అది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు.

చల్లని, తేమగల ప్రాంతాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది నియోనెక్ట్రియా డిటిస్సిమా. పాత పుస్తకాల్లో ఇది నెక్ట్రియా గాలిజెనా అనే పేరుతో ఉంటుంది. తెగులును యూరోపియన్ క్యాంకర్ అంటారు. ఇది ఆపిల్‌నే కాక పియర్, బీచ్, బర్చ్ వంటి అనేక చెట్లను ఆశ్రయించగలదు కనుక తోట అంచున ఉన్న చెట్లు కూడా బీజాల నిల్వలుగా పనిచేయవచ్చు. దీని ప్రధాన ద్వారం ఆకు రాలిన మచ్చ. ఆకు రాలిన తరువాత ఆ మచ్చపై రక్షణ పొర ఏర్పడే లోపు, ముఖ్యంగా మొదటి ఒకటి రెండు రోజుల్లో, వాన జల్లుతో వచ్చిన బీజం సులువుగా లోపలికి వెళుతుంది. కత్తిరింపు గాయాలు, కాయ కోసిన చోట్లు, మొగ్గ పొలుసులు రాలిన మచ్చలు కూడా దానికి దారులే. పుండు బయటపడడానికి నెలలు పట్టవచ్చు. నర్సరీలోనే సోకిన అంటుమొక్క తోటలో నాటిన రెండు మూడేళ్ల తరువాత కాండంపై పుండు చూపించిన సందర్భాలు బాగా తెలిసినవే. దీనిని ఒక ప్రాంతం నుంచి పూర్తిగా తొలగించడం ఎంత దీర్ఘమైన పనో చెప్పడానికి ఆస్ట్రేలియాలోని టాస్మానియా ఒక్కటి చాలు: 1954లో స్ప్రేటన్ దగ్గర బయటపడిన ఈ తెగులును నిర్మూలించినట్లు ప్రకటించడానికి 1991 దాకా పట్టింది.

దీనిని గుర్తించడానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం సరిపోతుంది. చలికాలంలో పాత పుండు అంచున, బెరడు చీలికల్లో, గుంపులు గుంపులుగా ముదురు ఎరుపు రంగు గోళాలు కనిపిస్తాయి. అవే పెరిథీసియంలు, అంటే లైంగిక దశలో బీజాలు తయారయ్యే బుడ్డులు; వాటి నుంచే గాలికి కొట్టుకుపోయే ఆస్కోబీజాలు వెలువడతాయి. వేసవిలో, కొత్త పుండుపై, తెల్లటి మెత్తని బుడిపెలు వస్తాయి. వాటి నుంచి వాన చినుకులతో చిందే కొనిడియాలు, అంటే అలైంగిక బీజాలు, వస్తాయి. సూక్ష్మదర్శిని కింద ఈ కొనిడియాలు పొడవుగా, కొద్దిగా వంగి, అడ్డగోడలతో స్తంభాల్లా ఉంటాయి. ఎర్రని గోళాలు చూడగానే నిర్ణయానికి రావద్దు. నెక్ట్రియా సిన్నబరినా కూడా ఎండిన కొమ్మలపై ఎర్రని పెరిథీసియంలను, వాటి కంటే ముందు నారింజ గులాబి రంగు బుడిపెలను ఇస్తుంది. అది ఎక్కువగా చనిపోయిన లేదా బలహీనపడిన కొమ్మలపైనే బతుకుతుంది.

తూర్పు ఆసియాలో, అంటే చైనా, జపాన్, కొరియాలలో, అత్యంత నష్టం చేసేది సైటోస్పోరా మాలి. దీని పాత పేరు వాల్సా మాలి, తెగులును ఇప్పటికీ వాల్సా క్యాంకర్ అనే పిలుస్తారు. ఈ పుండును దగ్గరగా చూసినవారు మరిచిపోరు. శీతాకాలం చివర, మొగ్గలు విచ్చే ముందు, బెరడు ఎర్రగోధుమ రంగులోకి మారి, నీరు పట్టినట్లు ఉబ్బి, వేలితో నొక్కితే లోపలికి దిగి గోధుమ రంగు రసం కారుస్తుంది. ఆ చోట కత్తితో లేపితే బెరడు తేలికగా ఊడివస్తుంది, పులిసిన సారా వాసన వేస్తుంది. తరువాత ఆ బెరడుపై నల్లటి చిన్న మొటిమలు లేస్తాయి. వాన పడిన తరువాత ఆ మొటిమల నుంచి పసుపు నారింజ రంగు జిగురు తీగలు మెలికలు తిరుగుతూ బయటికి వస్తాయి. ఆ తీగ అంతా కొనిడియాలే, ఒక్కొక్కటి 10 మైక్రోమీటర్ల కంటే చిన్నదిగా, కొద్దిగా వంగి, రంగు లేకుండా ఉంటుంది.

ఈ శిలీంధ్రం పనితీరులో నాకు అన్నిటికంటే విశేషంగా తోచేది ఫ్లోరిడ్జిన్ కథ. ఆపిల్ బెరడులోనూ ఆకులోనూ ఈ పదార్థం సమృద్ధిగా ఉంటుంది. సైటోస్పోరా మాలి దానిని విచ్ఛిన్నం చేసినప్పుడు ఫ్లోరోగ్లూసినాల్, ప్రోటోకాటెక్యుయిక్ ఆమ్లం వంటి పదార్థాలు ఏర్పడి చెట్టు కణాలను దెబ్బతీస్తాయి. ఆపిల్ తనలో దాచుకున్న పదార్థం నుంచే ఈ శిలీంధ్రం విషాన్ని తయారు చేసుకుంటున్నదన్నమాట. 2015లో దీని జన్యుపటం వెలువడినప్పుడు పెక్టిన్‌ను కరిగించే ఎంజైముల జన్యువులు, విషపదార్థాలను తయారు చేసే జన్యు సమూహాలు దండిగా ఉన్నట్లు తేలింది. బెరడు అంత వేగంగా కుళ్లడానికి కారణం అక్కడ దొరికింది. మరొక విషయం: దీని తంతువులు బెరడుతో ఆగకుండా కింది దారువులోకి కూడా వెళతాయి. పైపై కుళ్లు గీకివేసి మందు పూసినా మరుసటి ఏడాది అదే చోట పుండు తిరిగి రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అయితే సైటోస్పోరా అనగానే ఇంత తీవ్రమైనదని అనుకోకూడదు. సైటోస్పోరా సింక్టా, సైటోస్పోరా ల్యూకోస్టోమా, సైటోస్పోరా షుల్జెరి, సైటోస్పోరా క్రైసోస్పెర్మా వంటి జాతులు కూడా ఆపిల్ బెరడు నుంచి వేరుపడుతూ ఉంటాయి. వీటిలో చాలావాటి బలం చెట్టు బలహీనత మీద ఆధారపడి ఉంటుంది. మంచు దెబ్బ, ఎండ దెబ్బ, నీటి ఎద్దడి తగిలిన చెట్లపై విజృంభిస్తాయి, బలంగా ఉన్న చెట్టుపై చిన్న మచ్చతో ఆగిపోతాయి. అందువల్ల ప్రయోగశాల నివేదికలో జాతి పేరు లేకుండా సైటోస్పోరా అని మాత్రమే ఉంటే, ఆ నివేదిక అసంపూర్ణమని నేను భావిస్తాను.

మూడో పెద్ద వర్గం బోట్రియోస్ఫేరియేసి కుటుంబం. వెచ్చని, పొడి వాతావరణంలో, ముఖ్యంగా వర్షాభావం తరువాత వచ్చే పుండ్లలో వీటి పాత్ర ఎక్కువ. ఇవి ఆరోగ్యంగా కనిపించే కొమ్మల్లో కూడా ఎలాంటి లక్షణం చూపకుండా కాలం గడపగలవు. చెట్టుకు నీరు తక్కువై బెరడు తన రక్షణ చర్యలను నిలుపుకోలేని స్థితి వచ్చినప్పుడే పుండు మొదలవుతుంది. బోట్రియోస్ఫేరియా డోథిడియా ఒక్కదానినే తీసుకోండి: తూర్పు ఆసియాలో అది బెరడుపై గరుకు బుడిపెలను, కాయపై వలయాలు వలయాలుగా కుళ్లును కలిగిస్తే, అమెరికాలో అదే జాతిని కాయల తెల్లకుళ్లుకూ ఎద్దడి ఏడాది వచ్చే కొమ్మ పుండ్లకూ కారకంగా గుర్తిస్తారు. ఒకే జాతి వేర్వేరు చోట్ల వేర్వేరు రూపాల్లో కనబడుతోంది. వెచ్చని ప్రాంతాల్లో నియోఫ్యూసికోకమ్ పార్వమ్ కూడా వీటితో కలుస్తుంది.

ఈ కుటుంబంలోని డిప్లోడియా విషయం వైవిధ్యం ఎంత లోతుగా దాగి ఉంటుందో చూపిస్తుంది. కాయపై నల్లకుళ్లు, ఆకుపై కప్ప కన్ను లాంటి మచ్చ, కొమ్మపై పుండు, ఈ మూడింటినీ ఎన్నో దశాబ్దాలు బోట్రియోస్ఫేరియా ఆబ్ట్యూసా అనే ఒక్క పేరుతోనే లెక్కవేశారు. దాని నేటి పేరు డిప్లోడియా సీరియాటా. 2012లో పలు జన్యుభాగాలను పోల్చి చేసిన అధ్యయనంలో ఆపిల్‌పై ఉన్న ఈ గుంపులో వేర్వేరు జాతులు కలిసిపోయి ఉన్నాయని తేలింది. మరుగున పడిన డిప్లోడియా మాలోరమ్ తిరిగి స్వతంత్ర జాతిగా నిలిచింది, డిప్లోడియా ఇంటర్మీడియా, డిప్లోడియా బల్గారికా కొత్తగా వర్ణితమయ్యాయి. ఈ చివరిది ఇరాన్ ఆపిల్ తోటల్లోనూ పుండ్లకు కారణంగా కనిపించింది. సూక్ష్మదర్శిని కింద వీటి కొనిడియాలు పరిమాణంలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, రంగు కూడా బీజం వయసును బట్టి మారుతుంది. కాబట్టి బీజం కొలతలతోనే జాతిని తేల్చిన పాత నివేదికలను నేటి పేర్లతో సరిపోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను. నియోఫాబ్రేయా మాలికార్టిసిస్ పుండులో బెరడు మెత్తని భాగం కుళ్లిపోయి నారలు మాత్రం వాయిద్యం తంత్రుల్లా అడ్డంగా మిగులుతాయి, ఆ ఆనవాలు చాలా నమ్మదగినది. నియోఫాబ్రేయా పెరెన్నన్స్ పుండ్లు ఉన్ని పేను గూళ్లు కట్టిన చోట్ల ఏటేటా పెరుగుతాయి కనుక అక్కడ పురుగును వదిలి శిలీంధ్రాన్ని మాత్రమే చూస్తే ప్రయోజనం ఉండదు. డయాపోర్తే ఈరెస్ తరచుగా వేరుపడుతుంది, చాలాసార్లు బలహీన కారకంగానే. బిస్కోగ్నియాక్సియా మార్జినాటా ఎద్దడికి గురైన చెట్ల కొమ్మలపై మేకు తలల్లాంటి గట్టి పలకలను ఇస్తుంది. యూటైపా లాటా కత్తిరింపు గాయాల నుంచి నెమ్మదిగా చేవలోకి దిగుతుంది. కాండ్రోస్టీరియమ్ పర్పురియమ్ సోకిన కొమ్మను అడ్డంగా కోస్తే చెక్కలో గోధుమ రంగు మరక కనిపిస్తుంది. అక్కడి నుంచి ఆకులకు చేరే ఎంజైము ఆకు పైపొరను కింది కణాల నుంచి విడదీయడం వల్ల, మధ్యలో గాలి నిండి ఆకు వెండిలా మెరుస్తుంది.

శిలీంధ్రాలు కానివాటిని ముందే పక్కకు పెట్టాలి. ఎర్వీనియా అమైలోవోరా అనే బాక్టీరియా వల్ల వచ్చే అగ్నిమాపు తెగులు (ఫైర్ బ్లైట్) కూడా పుండ్లను చేస్తుంది. చెట్టు మొదలు దగ్గర, నేల మట్టానికి, బెరడు కుళ్లితే ఫైటోఫ్తోరా కాక్టోరమ్‌ను అనుమానించాలి. అది శిలీంధ్రంలా కనిపించే ఊమైసీట్, దానికి వాడే మందులు వేరు. అంతేకాక అగ్నిమాపు చంపిన రెమ్మల్లో డిప్లోడియా సీరియాటా స్థిరపడుతుంది. ఆ రెమ్మ నుంచి మీకు డిప్లోడియా వస్తే అది అబద్ధం కాదు, కానీ రెమ్మను చంపింది అది కాదు.

ఇక్కడి నుంచి మీ మొదటి ప్రశ్నకు వస్తాను. వేరుపడిన శిలీంధ్రాల జాబితా కారకాల జాబితా కాదు. పాత పుండు మధ్యభాగం నుంచి ముక్క తీస్తే ఆల్టర్నేరియా, ట్రైకోడెర్మా, ఎపికాకమ్ వంటివి తప్పకుండా వస్తాయి, అవి చచ్చిన చెక్కను తినేవి. చావు బతుకుల సరిహద్దు నుంచి, అంటే గోధుమ రంగు ఆగి ఆకుపచ్చ మొదలయ్యే గీతకు ఇరువైపులా, పైబెరడు చెక్కివేసిన తరువాత మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలు తీయాలి. వాటిని సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, శుభ్రమైన నీటితో కడిగి, బాక్టీరియాను ఆపే యాంటీబయాటిక్ కలిపిన, శిలీంధ్రాలను పెంచే పోషక జెల్లీ అయిన బంగాళాదుంప డెక్స్‌ట్రోజ్ అగార్‌పై పెట్టాలి. పళ్లేలన్నిటినీ 25 డిగ్రీల వద్దే ఉంచితే బోట్రియోస్ఫేరియా కుటుంబం వారంలోపే పళ్లెమంతా ఆక్రమించి, నెమ్మదిగా పెరిగే నియోనెక్ట్రియాను కప్పేస్తుంది. కొన్నిటిని 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచి, ప్రతిరోజూ చూస్తూ, మొదట బయటికి వచ్చిన తంతువును కొత్త పళ్లేనికి మార్చండి. ఆపైన ఒక్క బీజం నుంచి పెంచిన శుద్ధమైన పెంపకం తయారు చేసుకోండి.

పేరు తేల్చడానికి ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం ఒక్కటే చాలదు. 2012లో శిలీంధ్రాలకు సాధారణ గుర్తింపు భాగంగా దానిని ప్రతిపాదించిన మాట నిజమే, ప్రజాతి దాకా అది బాగా పనిచేస్తుంది కూడా. సైటోస్పోరా, డిప్లోడియా, డయాపోర్తేలలో దగ్గరి జాతులను విడదీయడానికి టీఈఎఫ్1, బీటా ట్యూబ్యులిన్ అనే జన్యువుల భాగాలు కూడా కావాలి, సైటోస్పోరాకు ఆక్టిన్, ఆర్‌పీబీ2 కూడా తోడైతే మంచిది. డీఎన్ఏ వరుసల బహిరంగ నిధిలో వెతికినప్పుడు మొదట వచ్చిన పోలికను అలాగే తీసుకోవద్దు, అక్కడ పాత పేర్లతో, తప్పు పేర్లతో ఉన్న వరుసలు చాలా ఉన్నాయి. వర్ణనకు ఆధారమైన ప్రామాణిక నమూనా నుంచి వచ్చిన వరుసతోనే పోల్చండి. పేర్ల విషయంలో మరో చిక్కు: లైంగిక దశకు వాల్సా, అలైంగిక దశకు సైటోస్పోరా అని రెండు పేర్లు ఉండేవి. 2011 మెల్బోర్న్ నామకరణ నియమావళితో ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అనే విధానం వచ్చింది, ఈ ప్రజాతికి సైటోస్పోరా నిలిచింది. మీరు చదివే వ్యాసాల్లో రెండూ కనిపిస్తాయి.

తరువాతిది వ్యాధిజనక పరీక్ష, అంటే వేరుపడిన శిలీంధ్రం నిజంగా పుండు చేయగలదో లేదో చూడడం. కోసిన రెమ్మపై గాయం చేసి, పెంపకం బిళ్లను అంటించి, తేమలో ఉంచే పద్ధతి వేగంగా ఫలితం ఇస్తుంది, కానీ రక్షణ శక్తి తగ్గిన రెమ్మపై బలహీన శిలీంధ్రం కూడా పెద్ద పుండు చేస్తుంది. నా అభిప్రాయంలో కోసిన రెమ్మల పరీక్షను వడపోతగా మాత్రమే వాడి, మిగిలిన రెండు మూడింటిని కుండీలోని బతికిన మొక్కలపై, కొన్నిటికి నీరు సరిపడా ఇచ్చి, కొన్నిటికి తగ్గించి, చూడాలి. ఎద్దడిలోనే పుండు పెరిగితే మీ తోటలో అసలు సమస్య నీరు. రెండు సందర్భాల్లోనూ పెరిగితే అది ప్రాథమిక కారకం. శిలీంధ్రం లేని అగార్ బిళ్లతో అన్నిటికీ సరిపోల్చే మొక్కలు ఉండాలి, చివరికి పుండు అంచు నుంచి అదే శిలీంధ్రాన్ని తిరిగి రాబట్టాలి. ఒకే జాతిలోని రెండు పెంపకాలు కూడా తీవ్రతలో చాలా తేడా చూపుతాయి కనుక ఒక్క పెంపకంతో జాతి మొత్తాన్ని అంచనా వేయకండి.

యాజమాన్యం ఈ నిర్ధారణను బట్టి నడుస్తుంది. నియోనెక్ట్రియా అయితే ఆకు రాలే వారాలు కీలకం. ఆకు రాలడం మొదలైనప్పుడూ సగం ఆకు రాలినప్పుడూ రాగి మందు గాని, మీ ప్రాంతంలో అనుమతి ఉన్న మరో రక్షక మందు గాని పిచికారీ చేయాలి. కత్తిరింపు పొడి రోజుల్లోనే చేసి, పుండ్లున్న కొమ్మలను తోట బయటికి తీసుకుపోవాలి. గాలా వంటి రకాలు దీనికి బాగా లొంగిపోతాయి, పూర్తిగా తట్టుకునే వాణిజ్య రకం లేదు. సైటోస్పోరా మాలి అయితే ఆకు రాలేటప్పటి పిచికారీకి అంత విలువ లేదు; తీవ్రమైన చలిలో కత్తిరించకుండా ఉండడం, పెద్ద గాయాలకు వెంటనే పూత వేయడం, వసంతం మొదట్లోనే కొత్త పుండ్లను ఆరోగ్యకరమైన బెరడు దాకా తొలగించడం, పొటాష్ లోపం లేకుండా చూడడం ముఖ్యం. బోట్రియోస్ఫేరియా కుటుంబమైతే మందు కంటే నీరే ముందు. దానితోపాటు కాండానికి తెల్లపూత వేసి ఎండ దెబ్బ తగ్గించాలి, చెట్టుపై ఎండిపోయి వేలాడే కాయలను, నేలపై పోగుపడిన కత్తిరింపులను తొలగించాలి. వెండి ఆకు తెగులుకు వేసవిలో, పొడి వాతావరణంలో కత్తిరించడమే ప్రధాన రక్షణ.

మీ తోట వివరాలకు వస్తే, శిలీంధ్రాలను మొత్తం మీద ఏది ఎన్నిసార్లు వచ్చిందని లెక్కించకుండా, ఒక్కో పుండుకు విడిగా నమోదు చేయండి: పుండు ఆకు మచ్చ దగ్గర మొదలైందా, కత్తిరింపు చోటా, కాండంపై ఎండ తగిలే వైపా, చెట్టు వయసెంత, అంచు నుంచి ఏది వచ్చింది, మధ్య నుంచి ఏది వచ్చింది. ఇరవై ముప్పై పుండ్లకు ఇలా పట్టిక వేస్తే ఏ శిలీంధ్రం ఏ ద్వారానికి అతుక్కుని ఉందో మీకే కనిపిస్తుంది. ఒక్కో రకం నుంచి రెండు మూడు పెంపకాలను గ్లిసరాల్‌లో అతిశీతలంగా దాచండి, పుండు ఉన్న బెరడు ముక్కను ఎండబెట్టి, తేదీ, చెట్టు సంఖ్య రాసి ఉంచండి. డిప్లోడియా విషయంలో జరిగినట్లు రేపు ఈ జాతుల్లో ఏదైనా రెండుగా విడిపోతే, మీ దగ్గర ఉన్నది ఏదో తిరిగి పరీక్షించి చెప్పడానికి ఆ నమూనాలే కావాలి.